గుంజుడు

రాత్రి తొమ్మిదిన్నరకు హాస్టల్ మిద్దె ఎక్కితేనే సిగ్నల్.
లతీఫ్ సాబ్ గుట్ట మీద దీపం ఒక దిక్కు,
నీళ్ల ట్యాంకుకు ఆనిచ్చిన ఫోన్ల లిస్సీ టీచర్ ఒక దిక్కు.
కొట్టాయం నర్సమ్మ. కాసెల్ అనే ఊర్ల డ్యూటీ దిగి
యూనిఫాం మార్చుకోకుండనే మాకు పాఠం చెప్తది.
ఇద్దరమే, నేనూ నుస్రత్.

"గొంతుల నుంచి తియ్యాలె" అంటది.
బూఖ్. నాఖ్ట్. బౌఖ్.
నుస్రత్‌కు ఆ ఖ పుట్టుకతోనే ఉంది,
వాళ్ల దాదీ ఖైరియత్ అడిగినంత సుళువుగ వస్తది.
నాకు మాత్రం చేపముల్లు ఇరికినట్టే.

ఎముకలకు లింగాలుంటయని ఫైనలియర్ల తెలిసింది.
పక్కటెముక ఆడది. కడుపు మగోడు.
గుండె, డాస్ హెర్ట్స్,
ఆడా కాదు మగా కాదు.
పిల్ల కూడా అంతేనట: డాస్ మేట్‌షెన్.
నుస్రత్ పడి పడి నవ్వింది.
నాకేం వింత కాలేదు.
మా బాపు చుట్టాలకు ఫోన్ల చెప్తుంటడు కద,
"అది డాక్టర్ చదువుతున్నది" అని.
బర్రె ఈనింది, కరెంటొచ్చింది, బిడ్డ పాసయింది —
అన్నిటికీ ఒక్కటే తోక.

వైల్ అంటే ఎందుకంటే.
ఆ మాట పడంగనే క్రియ లేచి పోయి
వాక్యం చివర కూసుంటది,
అందరు తిన్నంక కూసునే మా పెద్దమ్మ లెక్క.
ఆ ఒక్కకాడ నాకు తప్పు పోదు.

పొద్దుగాల ఎముకల ఓపీ.
మర్రిగూడ దిక్కు నుంచి ఐతమ్మ వచ్చింది.
నడుము లేవదు, నేలను చూసుకుంటనే మాట్లాడుతది.
గార పట్టిన పళ్లు.
ముప్పై ఏండ్ల బోరునీళ్లు.
"ఎట్ల నొస్తది అవ్వా?"
"నొచ్చుడు కాదు బిడ్డా, గుంజుతది.
తొడకాడ పట్టి మడిమె దాక
ఎవరో తాడు గుంజినట్టు."

ఇన్నేండ్లు కేస్ షీట్ల 'పెయిన్' అని రాసి
పక్కకు ప్లస్ గుర్తు పెట్టినం.
పోటు, సలుపు, మంట, తీపు
అన్నిటినీ ఆ ఒక్క గుర్తు కింద తొక్కిపెట్టినం.
రాత్రి టీచర్ రాయించిన పట్టీ యాదికొచ్చింది:
ష్టెషెంట్ అంటే పొడిచేది,
పోఖెంట్ అంటే లోపట్నుంచి తలుపు కొట్టేది,
త్సీయెంట్ అంటే
గుంజేది.

అంటే ఆ సలిదేశంల గూడ ఎవరో ముసలామె
ఇట్లనే తొడ పట్టుకొని
ఈ తాడునే చూసింది.

చెయ్యి ఆగక షీటు అంచున తెలుగులనే రాసిన, గుంజుడు అని.
పీజీ సార్ చూసి కొట్టేసిండు.

"ఏం రాసినవ్ బిడ్డా?"
"నీ నొప్పి పేరు."
"పేరు వెడితే పోతదా?"
నేను రిఫ్లెక్స్ సుత్తె కోసం జేబులు దేవులాడుకున్న.

నుస్రత్ ఊకోదు కద,
"ఈమె జర్మనీ పోతది అవ్వా" అన్నది.
ఎందుకు పోతవు, జీతమెంత,
ఏమీ అడగలేదు ఐతమ్మ.
"ఆడ నీళ్లెట్లుంటయట?" అన్నది.

నాకు తెలిసింది ఒక్కటే, మొదటి పాఠంలది.
"నీళ్లను వాస్సర్ అంటరు అవ్వా."
"ఏందీ?"
"వాస్సర్."
వంగిన కాడనే, నేల దిక్కు చూసుకుంట
రెండుసార్లు ఉత్త పెదవులు కదిపింది.
తర్వాత మెల్లగ, "వాస్సరు" అన్నది,
చివరకో ఉకారం తగిలించి,
పిల్ల పేరుకు అమ్మ తగిలించినట్టు.

ఆ రాత్రి మిద్దె మీద
నేను గూడ అట్లనే అన్న.
లిస్సీ టీచర్ మూడుసార్లు దిద్దింది.